ముక్కూ మొహం తెలియని చోట... ముక్కు సర్జరీ!

విదేశంలో చేయించుకుంటే తక్కువ ఖర్చు, సెలవుల్లో పని అయిపోతుంది, నలుగురికీ తెలియదు. ముక్కు అందంగా దిద్దించుకోవాలనుకునే చాలామంది ఆలోచన ఇదే. కానీ ప్యాకేజీ వారం రోజులది, ముక్కు మానడానికి పట్టేది ఏడాది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను ఎవరు చూసుకోవాలి? బయల్దేరే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

పరిచయం లేనివారి గురించి మాట్లాడేటప్పుడు మనం 'ముక్కూ మొహం తెలియని మనిషి' అంటాం. అంటే ముఖంలో మనిషిని పట్టిచ్చేది మొదట ముక్కే. కోటేరు ముక్కును మెచ్చుకున్న నోళ్లే చప్పిడి ముక్కునూ, చిలక ముక్కునూ ఆటపట్టిస్తాయి. బడిలో పడిన ఆ పేరు పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది. ఇప్పుడు దానికి సెల్ఫీలు, వీడియో కాల్స్ తోడయ్యాయి. సెల్ఫీలో ముక్కు అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. దానికి కారణం ముక్కు కాదు, కెమెరాను ముఖానికి మరీ దగ్గరగా పట్టుకోవడమే.

ఈ నేపథ్యంలో ముక్కు ఆకృతిని సరిదిద్దే రైనోప్లాస్టీ కోసం ఇస్తాంబుల్, బ్యాంకాక్, సియోల్ నగరాల ప్రకటనలు మన ఫోన్లలోకీ వస్తున్నాయి. సర్జరీ, హోటల్, కారు అన్నీ కలిపి ఒకే ధర. సర్జరీ చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. విదేశాల్లో మంచి సర్జన్లు లేరనడమూ సరికాదు. అయితే వేరే ఊళ్లో చీర కొన్నట్టు కాదిది. నచ్చకపోతే మార్చుకోవడానికి మళ్లీ విమానం ఎక్కాలి.

వారం సరిపోతుందా? లెక్క చూడండి

ప్రకటనల్లో ఐదు రాత్రులు, ఏడు రాత్రులు అని ఉంటుంది. ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. చేరిన రోజు అలసట. ఆ తర్వాత సర్జన్ స్వయంగా చూడాలి, రక్తపరీక్షలు, ఈసీజీ జరగాలి, అనస్థీషియా డాక్టర్ మాట్లాడాలి. దీనికి కనీసం ఒక రోజు. మీరు మనసు మార్చుకోవడానికీ ఆ రోజు అవసరం. మర్నాడు సర్జరీ. ముక్కు మీద పెట్టిన స్ప్లింట్, కుట్లు తీసేది సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులకు. ముఖం, కనురెప్పలు, ముక్కు సర్జరీల తర్వాత 7 నుంచి 10 రోజుల దాకా విమానం ఎక్కవద్దన్నది అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం సలహా. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ కూడా ఇదే చెబుతోంది.

అన్నీ కలిపితే దాదాపు రెండు వారాలు. ఇది ఏ ఇబ్బందీ రాకపోతేనే. 'ఐదో రోజు స్ప్లింట్‌తోనే వెళ్లిపోవచ్చు, మీ ఊళ్లో ఎవరైనా తీసేస్తారు' అని ఎవరైనా అంటే, సర్జరీ తర్వాత జరగాల్సిన మొదటి తనిఖీని వాళ్లు ఎగ్గొడుతున్నారని అర్థం.

విమానం వల్ల ఏమవుతుంది?

ఎగిరే విమానంలో లోపలి గాలి ఒత్తిడి సుమారు 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. తేమ చాలా తక్కువ. అప్పటికే పచ్చిగా ఉన్న ముక్కు లోపలి పొర ఎండి, పొక్కులు కట్టి, రక్తం కారవచ్చు. ముక్కు లోపలి పొక్కులు ఊడే సమయం కూడా సుమారుగా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యే. అంటే చాలామంది తిరుగు ప్రయాణం సరిగ్గా అప్పుడే పడుతుంది. ఆకాశంలో రక్తం కారితే దగ్గర డాక్టర్ ఉండరు.

ఇంకో సంగతి. మత్తు ఇచ్చి చేసిన సర్జరీ తర్వాత గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారు, అధిక బరువు ఉన్నవారు, ఇంతకుముందు కాళ్లలో గడ్డలు వచ్చినవారు ఈ విషయం సర్జన్‌కు ముందే చెప్పాలి. విమానంలో గంటకోసారి లేచి నడవండి, నీళ్లు తాగండి, మద్యం ముట్టుకోకండి. డాక్టర్ అనుమతిస్తే సెలైన్ స్ప్రేతో ముక్కును తడిగా ఉంచుకోండి. పై అరలోకి పెట్టె ఎత్తే పని మాత్రం మీది కాదు. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు.

ఊరిని కాదు, సర్జన్‌ను ఎంచుకోండి

ఏ దేశంలో ఏ తరహా ముక్కులు ఎక్కువగా దిద్దుతారో తెలుసుకుంటే సగం స్పష్టత వస్తుంది. టర్కీ, ఇరాన్ సర్జన్లు ముక్కు మీది ఎముక గూనిని తగ్గించే సర్జరీలు ఎక్కువగా చేస్తారు. కొరియాలో తరచూ చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ చదునుగా ఉన్న ముక్కును సిలికాన్‌తోనో, శరీరంలోని కార్టిలేజ్‌తోనో ఎత్తు పెంచుతారు. మనలో చాలామందిది మందపాటి చర్మం, వెడల్పు కొన. మందపాటి చర్మం కింద ఎంత చక్కగా చెక్కినా పైకి స్పష్టంగా కనపడదు. వాపు కూడా ఎక్కువ కాలం ఉంటుంది. అందువల్ల సర్జన్‌ను అడగాల్సింది 'మీ దగ్గర అందమైన ముక్కుల ఫొటోలు ఉన్నాయా' అని కాదు. 'నాలాంటి ముక్కు, నాలాంటి చర్మం ఉన్నవారి ఏడాది తర్వాతి ఫొటోలు చూపించండి' అని.

అనుమతుల విషయానికొస్తే, టర్కీలో విదేశీ రోగులకు వైద్యం చేసే సంస్థలకు అక్కడి ఆరోగ్య శాఖ 2017 నుంచి ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తోంది. అది ఉందో లేదో అడగండి. కొరియాలో డాక్టర్ లైసెన్సు ఉన్న ఎవరైనా కాస్మెటిక్ సర్జరీ చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. అందరూ ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్టులు కారు. పైగా మాట్లాడింది ఒక డాక్టర్, మత్తులోకి వెళ్లాక కత్తి పట్టింది మరొకరు అన్న ఆరోపణలు అక్కడ పెద్ద దుమారం రేపాయి. దాంతో మత్తు ఇచ్చి సర్జరీ చేసే ఆపరేషన్ గదుల్లో సీసీ కెమెరాలు ఉండాలనీ, రోగి కోరితే రికార్డు చేయాలనీ 2021లో చట్టం తెచ్చారు. 2023 సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. సియోల్ వెళ్లేవారు రికార్డింగ్ కావాలని ముందే రాతపూర్వకంగా అడగవచ్చు.

జేసీఐ వంటి అంతర్జాతీయ గుర్తింపు మంచిదే. అయితే అది ఆసుపత్రి పద్ధతులకు ఇచ్చే గుర్తింపు. మీ ముక్కు దిద్దే చెయ్యి ఎంత నేర్పరిదో అది చెప్పదు.

ముక్కుసూటిగా అడగండి

వాట్సాప్‌లో మీతో తియ్యగా మాట్లాడేది చాలాసార్లు డాక్టర్ కాదు, కోఆర్డినేటర్. ఎంతమందిని పంపితే అంత కమీషన్ అన్న పద్ధతీ ఉంటుంది. అడ్వాన్సు కట్టే ముందు సర్జన్‌తోనే వీడియోలో మాట్లాడతానని పట్టుబట్టండి. అప్పుడు ఇవి అడగండి.

• సర్జరీ మొత్తం మీరే చేస్తారా? అంగీకార పత్రంలో మీ పేరే ఉంటుందా?

• మత్తు ఇచ్చేది అనస్థీషియా స్పెషలిస్టేనా? సర్జరీ అయ్యేదాకా గదిలోనే ఉంటారా?

• నా ముక్కులో ఏం మారుస్తారు? ఏది మార్చలేరు? శ్వాస మీద ప్రభావం ఉంటుందా?

• ఇంప్లాంట్ పెడతారా? కార్టిలేజ్ అవసరమైతే ఎక్కడి నుంచి తీస్తారు, ముక్కు దూలం నుంచా, చెవి నుంచా, పక్కటెముక నుంచా?

• రాత్రి రెండు గంటలకు రక్తం కారితే ఎవరికి ఫోన్ చేయాలి? వారికి ఇంగ్లిష్ వచ్చా?

• తేడా వస్తే మళ్లీ చేసే సర్జరీ ఉచితమా? ఆ ఉచితంలో మత్తు ఫీజు, ఆసుపత్రి గది ఉన్నాయా?

కంప్యూటర్‌లో చూపించే 'సర్జరీ తర్వాత మీరు' బొమ్మ హామీ పత్రం కాదు. అది మాట్లాడుకోవడానికి పనికొచ్చే గీత మాత్రమే.

ఖర్చులో కనపడని ఖర్చు

రైనోప్లాస్టీ చేయించుకున్న ప్రతి వంద మందిలో సుమారు 5 నుంచి 15 మందికి మరోసారి దిద్దుబాటు అవసరం కావచ్చన్నది వైద్యుల అంచనా. నిపుణుల చేతిలో కూడా ఇది జరుగుతుంది. ఎందుకంటే మానే తీరు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. పైగా దిద్దుబాటు వెంటనే కుదరదు. సాధారణంగా ఏడాది ఆగాలి. అప్పుడు మళ్లీ వీసా, టికెట్లు, సెలవు. మీ బడ్జెట్‌లో ఆ రెండో ప్రయాణానికి చోటు లేకపోతే, మీరు చూసిన 'తక్కువ ధర' నిజమైన ధర కాదు.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ వంటి కారణాలతో తప్ప, అందం కోసం చేసే సర్జరీ మన ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయింపు కిందకే వస్తుంది. మామూలు ప్రయాణ బీమా కూడా ముందే అనుకుని చేయించుకున్న సర్జరీ వల్ల వచ్చిన చిక్కులకు డబ్బివ్వదు.

బయల్దేరే ముందు

సర్జరీకి కనీసం నాలుగు వారాల ముందు నుంచి సిగరెట్, వేప్ పూర్తిగా మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేసి గాయాన్ని మాననివ్వదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలతో పాటు చేపనూనె, విటమిన్-ఇ, వెల్లుల్లి క్యాప్సూళ్లు కూడా రక్తస్రావాన్ని పెంచవచ్చు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు, మీ డాక్టర్‌ను అడగండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడినా, అలర్జీ జలుబు ఉన్నా, బీపీ, షుగర్ అదుపులో లేకున్నా దాచొద్దు. ముక్కుపుడక ముందే తీసేయాలి. మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో సర్జనే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. వెళ్లకముందే మీ ఊళ్లో ఒక ఈఎన్‌టీ లేదా ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసి, 'తిరిగొచ్చాక నన్ను చూస్తారా' అని అడగండి. వేరొకరు చేసిన సర్జరీని, అందులోనూ రికార్డులు లేని సర్జరీని ముట్టుకోవడానికి చాలామంది వైద్యులు వెనకాడతారు. హైదరాబాద్‌లో దిగాక వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఆ డాక్టరే మీ దూలం వంకరగా ఉందో, అలర్జీ ఉందో చూసి, అసలు ఈ సర్జరీ మీకు తగునో కాదో కూడా చెప్పగలరు.

ఏ రోజు ఏం జరుగుతుంది?

మొదటి మూడు రోజులు: ముక్కు పూర్తిగా బిగుసుకున్నట్టు ఉంటుంది. నోటితోనే శ్వాస. కళ్ల కింద నీలి మచ్చలు, వాపు రెండు మూడు రోజులకు బాగా పెరుగుతాయి. అద్దంలో చూసుకుని బెదరొద్దు. తల కింద రెండు మూడు దిళ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. చల్లని కాపడం బుగ్గల మీద, కళ్ల దగ్గర మాత్రమే. ముక్కు మీద ఐస్ మోపకూడదు. దూదికి కొద్దిగా రక్తం అంటడం మామూలే.

వారానికి: స్ప్లింట్ తీస్తారు. అప్పుడు కనపడేది మీ కొత్త ముక్కు కాదు, వాచిన ముక్కు. కొన పైకి లేచినట్టు, లావుగా, మొద్దుబారినట్టు ఉంటుంది. 'ఎందుకు చేయించుకున్నానా' అని ఏడుపు రావడం ఈ వారంలో చాలామందికి ఎదురయ్యేదే. ఇంట్లోవాళ్లు ఈ సమయంలో వ్యాఖ్యానాలు చేయకుండా ఉంటే అదే పెద్ద సాయం.

రెండు వారాలకు: నీలి మచ్చలు చాలావరకు పోతాయి. కూర్చుని చేసే ఉద్యోగానికి వెళ్లవచ్చు. అప్పటిదాకా ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

నాలుగు నుంచి ఆరు వారాలకు: పైకి కనపడే వాపు చాలావరకు తగ్గుతుంది. అప్పటిదాకా కళ్లద్దాలు ముక్కు మీద ఆనకూడదు. జిమ్, పరుగు, బరువులు, తల కిందకి వంచే ఆసనాలు డాక్టర్ చెప్పాకే. దెబ్బ తగిలే ఆటలకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

ఏడాదికి: కొన దగ్గరి వాపు నెమ్మదిగా దిగి అసలు ఆకృతి తేలుతుంది. మందపాటి చర్మం ఉన్నవారికి ఏడాదిన్నర కూడా పట్టవచ్చు. పెళ్లి నెల రోజుల్లో పెట్టుకుని ముక్కు సర్జరీ చేయించుకుంటే పెళ్లి ఆల్బమ్ నిండా వాపే ఉంటుంది.

మన ఇళ్లలో చేసే పొరపాట్లు

ముక్కు మూసుకుపోయిందంటే అమ్మమ్మకు మొదట గుర్తొచ్చేది ఆవిరి, తలకు బామ్. ఇక్కడ ఆ రెండూ వద్దు. వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుని వాపు, రక్తస్రావం పెరుగుతాయి. గాయం మీద పసుపు, నూనె రాయొద్దు. కారం తింటే ముక్కు కారుతుంది, చీదలేని ముక్కుతో అది నరకం. ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పు వాపును తగ్గనివ్వదు. కొన్ని రోజులు పెరుగన్నం, మెత్తని ఇడ్లీ, పప్పన్నం చాలు. గట్టిగా నమలాల్సినవి పక్కన పెట్టండి. తల మీంచి తొడిగే టీషర్టులు కాకుండా ముందు గుండీలున్నవి వేసుకోండి. తలస్నానం వెనక్కి వాలి, బ్యూటీపార్లర్‌లో చేసినట్టు. స్ప్లింట్ తడవకూడదు. చంటిపిల్లలను ఎత్తుకోవద్దు, వాళ్ల తల మొదట తగిలేది మీ ముక్కుకే. మన ఎండకు మచ్చలు నల్లబడిపోతాయి కాబట్టి టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

• ముక్కు రెండు వైపులా పూర్తిగా బిగుసుకుని, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే. ముక్కు దూలం మీది పొర కింద రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కార్టిలేజ్‌కు సొంత రక్తనాళాలు లేవు, ఆ పొర నుంచే పోషణ అందాలి. గడ్డను వెంటనే తీయకపోతే రెండు మూడు రోజుల్లోనే కార్టిలేజ్ కరిగి, ముక్కు జీను ఆకారంలో కుంగిపోతుంది.

• తల ఎత్తి కూర్చున్నా ఆగని రక్తస్రావం.

• జ్వరం, చీము, దుర్వాసన, ముక్కు చర్మం నల్లబడటం.

• చూపు మసకబారడం, విపరీతమైన తలనొప్పి, ముక్కులోంచి నీళ్లలాంటి ఉప్పటి ద్రవం.

• పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి.

వారాల తర్వాత గాయం దగ్గర గట్టి గడ్డలు, మానని పుండ్లు వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. విదేశాల్లో కాస్మెటిక్ సర్జరీ చేయించుకున్నవారిలో మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని మైకోబ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు అమెరికా వైద్యులకు కనిపించాయి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా 'ఫలానా దేశంలో సర్జరీ చేయించుకున్నాను' అని చెప్పండి. సిగ్గుపడి దాస్తే సరైన పరీక్ష రాయరు.

సూట్‌కేసులో పెట్టుకోవాల్సిన కాగితాలు

ఇంగ్లిష్‌లో సర్జరీ వివరాలు, మత్తు రికార్డు, ఇంప్లాంట్ పెడితే దాని కంపెనీ, బ్యాచ్ వివరాలు, మందుల చీటీ, సర్జరీకి ముందు తర్వాత ఫొటోలు అడిగి తీసుకోండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలపై యూఏఈలో కఠిన నియంత్రణ ఉంది. దుబాయ్, అబుదాబి మీదుగా వచ్చేవారు అవి వెంట తేకుండా చూసుకోవడం మేలు. వాచిన ముఖం, స్ప్లింట్‌తో పాస్‌పోర్టు ఫొటోకు పోలిక కుదరక విమానాశ్రయంలో ప్రశ్నలు ఎదురుకావచ్చు. సర్జన్ సంతకం చేసిన లేఖ చేతిలో ఉంచుకోండి. తర్వాత రూపం బాగా మారితే, ఆ కారణంతో పాస్‌పోర్టును కొత్త ఫొటోతో మళ్లీ తీసుకునే వీలుంది.

అమెరికా నుంచి ఇక్కడికి వచ్చేవారికీ...

డిసెంబరు సెలవుల్లో ఇంటికొచ్చి హైదరాబాద్‌లో ముక్కు సర్జరీ చేయించుకునే మనవాళ్లకూ ఇదే లెక్క. దిగిన మర్నాడే సర్జరీ పెట్టించుకోండి అనడం లేదు, కానీ చివరి వారానికి మాత్రం నెట్టొద్దు. సర్జరీ తర్వాత కనీసం రెండు వారాలు ఇక్కడుండేలా టికెట్ తీసుకోండి. అక్కడ మిమ్మల్ని చూసే డాక్టర్‌ను ముందే మాట్లాడుకోండి.

పుట్టిల్లు మన దేశమే

ముక్కు సర్జరీ విదేశీ విద్య అనుకుంటాం. తెగిన ముక్కును చర్మంతో తిరిగి నిర్మించే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. టిప్పు సుల్తాన్ సైనికుల చేతిలో ముక్కు కోల్పోయిన కౌస్జీ అనే బండి తోలే వ్యక్తికి పుణె దగ్గర ఓ దేశీ వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు చేసిన వైనం 1794లో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మేగజీన్'లో వచ్చింది. అది చదివి సాధన చేసిన జోసెఫ్ కార్ప్యూ 1814లో అక్కడ ఆ సర్జరీ చేశారు.

ఎవరు ఆగాలి?

ముఖం ఎముకలు పూర్తిగా ఎదగని పిల్లలకు ఈ సర్జరీ వద్దు. సాధారణంగా 18 ఏళ్లు దాటేదాకా ఆగడం మంచిది. ఎవరో అన్న మాటకో, సంబంధం తప్పిపోయిందన్న బాధకో, ప్రేమ విఫలమైందన్న కోపంలోనో నిర్ణయం తీసుకోవద్దు. ఇతరులకు అసలు కనపడని లోపం కోసం రోజూ గంటలు అద్దం ముందు గడుపుతూ, బయటకు రావడమే మానేస్తే అది ముక్కు సమస్య కాదు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక సమస్య కావచ్చు. దానికి సైకియాట్రిస్టు దగ్గర చికిత్స ఉంది. అలాంటివారికి ఎన్ని సర్జరీలు చేసినా తృప్తి కలగదు, వెలితి మరో చోటికి మారుతుందంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. 'నాన్న ముక్కు వచ్చింది' అని మీరు మురిసిపోయిన ఆ ముక్కునే పిల్లలు మార్చుకుంటామంటే మనసు చివుక్కుమనడం సహజం. అయినా కొట్టిపారేయకండి. వద్దంటే మీకు చెప్పకుండా వెళ్లే అవకాశం ఉంది. చెప్పకుండా వెళ్లినవారికి పరాయి దేశంలో రాత్రిపూట పక్కన కూర్చునేవారు ఉండరు. ఏడాది గడువు అడగండి, ఇక్కడి డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్లండి. ఆ తర్వాత కూడా వెళ్లాలనే అనుకుంటే రెండు టికెట్లు కొనండి. రెండోది మీది.